పడవ ఎవరి చేతిలో ఉంటే దేశం వాళ్లదే: బర్మా అంతర్యుద్ధంలో నదీ రవాణాపై సైన్యం పట్టు

అంతర్యుద్ధం అనగానే తుపాకులు, ట్యాంకులు, విమానాలు గుర్తొస్తాయి. కానీ రోడ్లు తక్కువ, నదులు ఎక్కువ ఉన్న దేశంలో యుద్ధం ముందుగా వచ్చి కూర్చునేది పడవ మీదే. బియ్యం, ఉప్పు, మందులు, కిరోసిన్, ప్రయాణికులు, శవాలు అన్నీ పడవ మీదే వెళ్లాలి. సైనికులు, తూటాలు కూడా అందులోనే వెళ్లాలి. అందుకే సైన్యం మొదట చేసే పని పడవలను తన లెక్కలోకి తెచ్చుకోవడం. ఏ పడవ కదలాలి, ఎప్పుడు కదలాలి, అందులో ఎవరెక్కాలి, ఎన్ని బస్తాలు వేయాలి అన్నవన్నీ అప్పటి నుంచి రేవులో కాదు, ఫౌజు క్యాంపులో తేలుతాయి.

దీనికి మనకు బాగా దగ్గరైన ఉదాహరణ బర్మా, అంటే నేటి మియన్మార్. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ 'రంగం' అనే ఊరు రంగూనే. ఆ దేశంలో నదీ రవాణా సైన్యం చేతిలోకి ఎలా వెళ్లింది, దాని ఖర్చు ఎవరి మీద పడింది, ఇప్పుడు పరిస్థితి ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

రామతీర్థం వైపు నుంచి రంగం దాకా

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం రాముడి గుడికి పేరు పడ్డ ఊరు. పక్క కొండల మీద బౌద్ధ, జైన శిథిలాలు కూడా ఉన్నాయి. ఈ ప్రాంతానికి పాత రోజుల్లో సముద్రపు దారి భీమునిపట్నం రేవు. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. ఉత్తరాన వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు ఉంది. బ్రిటిష్ కాలంలో తీరం వెంట తిరిగే స్టీమర్లు ఈ రేవుల్లోనూ, విశాఖపట్నం, కాకినాడల్లోనూ ఆగి కూలీలను ఎక్కించుకుని రంగూన్ చేరేవి.

వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది అప్పటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, టికెట్టు కొనేవాడు, ఆ తర్వాత కూలీలోంచి కోసుకునేవాడు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. 1920ల చివర్లో ఏడాదికి మూడు, నాలుగు లక్షల మంది భారతీయులు రంగూన్‌లో దిగిన సందర్భాలున్నాయి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే.

రేవులో ఓడల్లోకి బస్తాలు మోసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు, రిక్షా లాగేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. నది మీద తిరిగే స్టీమర్లలో సరంగులు, ఖలాసీలు ఎక్కువగా చిట్టగాంగ్ ముస్లింలు. 'సరంగు' అనే మాట మన గోదావరి లాంచీల మీద కూడా ఉంది. ఫార్సీ నుంచి వచ్చిన మాట అది. బర్మా బియ్యం వ్యాపారం గట్టు మీద తెలుగువాడి భుజం, నీటి మీద చిట్టగాంగ్ సరంగు చెయ్యి ఆధారంగా నడిచిందంటే తప్పు కాదు.

నది, కంపెనీ, సైన్యం

ఇరావతి నది పొడవు సుమారు 2,170 కిలోమీటర్లు. సముద్రం నుంచి ఎగువన భామో పట్నం దాకా, అంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా, ఏడాది పొడవునా పడవలు నడుస్తాయి. పడమటి వైపు నుంచి దానిలో కలిసే పెద్ద ఉపనది చింద్విన్. రంగూన్ ఊరు సరిగ్గా ఇరావతి ఒడ్డున లేదు. ట్వాంటే కాలువ గుండా పడవలు అక్కడి నుంచి ఇరావతిలోకి వెళ్తాయి. డెల్టాలో వందల పాయలు ఉన్నాయి. అక్కడ పడవే బస్సు, లారీ, అంబులెన్సు.

ఈ నది మీద ఆవిరి పడవల చరిత్ర యుద్ధంతోనే మొదలైంది. 1824లో మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ 'డయానా' అనే స్టీమర్‌ను ఇరావతిలోకి దించింది. 1852 రెండో యుద్ధంలో మరిన్ని వచ్చాయి. యుద్ధం అయ్యాక ప్రభుత్వ స్టీమర్లను ప్రైవేటు వ్యాపారులు కొన్నారు. అలా 1865లో గ్లాస్గో పెట్టుబడితో ఇరావడి ఫ్లోటిల్లా కంపెనీ పుట్టింది. అంటే సైన్యం పడవలే వ్యాపారపు పడవలయ్యాయి.

ఇరవై ఏళ్ల తర్వాత ఇది తిరగబడింది. 1885 నవంబర్‌లో మూడో యుద్ధం వచ్చినప్పుడు జనరల్ ప్రెండర్‌గాస్ట్ దళాలను మాండలే దాకా మోసింది ఈ కంపెనీ స్టీమర్లే. నవంబర్ 14న మొదలైన యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. బర్మా చివరి రాజు థీబాను 'థూరియా' అనే స్టీమర్ ఎక్కించి దిగువకు తీసుకెళ్లారు. ఆయన మిగతా జీవితం మన దేశంలోని రత్నగిరిలో గడిచింది. అంతకు 27 ఏళ్ల ముందు, 1858లో, ఢిల్లీ చివరి బాద్‌షా బహదూర్ షా జఫర్‌ను ఎదురు దిక్కున రంగూన్‌కు పంపారు. ఇద్దరు రాజులనూ దేశం దాటించింది ఓడలే.

1920ల నాటికి ఆ కంపెనీకి 600కు పైగా పడవలు ఉండేవి. నదుల మీద తిరిగే ప్రైవేటు పడవల బలగాల్లో ప్రపంచంలో అదే పెద్దదని చెప్పేవారు. ఏడాదికి 80, 90 లక్షల మంది వాటిలో ప్రయాణించేవారు. ఇంత రవాణా ఒకే కంపెనీ చేతిలో ఉండటం వల్ల ఒక సంగతి ఖాయమైంది. ఆ కంపెనీని ఎవరు చేతుల్లోకి తీసుకుంటే నది వాళ్ల చేతికి వచ్చినట్టే.

1930: రేవులో మొదటి హెచ్చరిక

యుద్ధానికి ముందే రేవు పని మీద గొడవలు మొదలయ్యాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫున వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిసి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి వచ్చేసరికి బర్మా కూలీలను తీసేశారు. మే 26న మొదలైన అల్లర్లు రోజుల తరబడి సాగాయి. వంద మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే.

రెండు పక్షాలూ కూలీలే. ఎవరికి పని, ఎంత కూలి అని తేల్చినవాళ్లు మాత్రం ఆ రోజు రోడ్డు మీద లేరు. రవాణాను పైనుంచి ఎవరో శాసిస్తే కింద దెబ్బ తినేది మోసేవాళ్లే అని అప్పుడే తేలిపోయింది. తర్వాత వచ్చిన యుద్ధాల్లో కూడా ఇదే జరిగింది.

1942: శత్రువుకు దక్కకూడదని ముంచేశారు

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి వెళ్లింది. బ్రిటిష్ సైన్యం నది వెంట ఎగువకు వెనక్కి తగ్గుతూ ఫ్లోటిల్లా పడవలను వాడుకుంది. ఇక వాడుకోలేని స్థితి వచ్చాక వాటిని ముంచేయాలని నిర్ణయం జరిగింది. ఏప్రిల్ చివర్లో ఒక్క మాండలే దగ్గరే వందకు పైగా పడవలకు అడుగున చిల్లులు పెట్టి, తుపాకులతో కాల్చి ముంచేశారు. ఆ పని చేయించింది కంపెనీ అధికారులే. మే నెలలో చింద్విన్ మీద ష్వేజిన్ నుంచి కలేవా దాకా మిగిలిన కొద్ది స్టీమర్లు సైనికులను దాటించాయి. మే 10న ఆ రేవు మీద జపాన్ దాడి జరిగింది. ట్యాంకులు, లారీలు చాలావరకు ఒడ్డునే వదిలేయాల్సి వచ్చింది.

అదే సమయంలో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా నుంచి పారిపోతున్నారు. ఓడ టికెట్టు దొరికినవాళ్లు సముద్రం మీద వచ్చారు. మిగతావాళ్లు నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటారు, మరికొందరు చింద్విన్ దాటి తమూ మీదుగా మణిపూర్ చేరారు. కలరా, మలేరియా, ఆకలితో దారిలోనే వేల మంది పోయారు. పడవల్లో చోటు మొదట సైన్యానికి, తర్వాత అధికారులకు, ఆ తర్వాత డబ్బున్నవాళ్లకు. కూలీ వంతు వచ్చేసరికి పడవే లేదు.

బర్మా పోయాక పక్కనే బెంగాల్‌లో కూడా ఇదే మందు వాడారు. జపాన్ వస్తే వాడుకుంటుందని, పదిమందికి పైగా పట్టే నాటు పడవలను తీరప్రాంత జిల్లాల్లో ప్రభుత్వం లాగేసుకుంది. 40 వేలకు పైగా పడవలు అలా జప్తు అయ్యాయి లేదా ధ్వంసమయ్యాయి. జపాన్ సైన్యం రాలేదు. కరువు వచ్చింది. 1943 బెంగాల్ కరువుకు కారణాలు చాలా ఉన్నాయి. బర్మా బియ్యం ఆగిపోవడం ఒకటి. ఉన్న బియ్యాన్ని ఊరి నుంచి ఊరికి చేర్చే పడవ, చేప పట్టే పడవ లేకపోవడం ఇంకొకటి. తూర్పు బెంగాల్ జాలర్లు, పడవవాళ్లు మొదట చితికిపోయారు.

1948-50: స్వాతంత్ర్యం, వెంటనే అంతర్యుద్ధం

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే ప్రభుత్వం ఇరావడి ఫ్లోటిల్లా కంపెనీని జాతీయం చేసింది. పడవలు ప్రభుత్వ అంతర్గత జల రవాణా బోర్డు కిందికి వచ్చాయి. దేశం సొత్తు దేశానికి దక్కిందని జనం సంబరపడ్డారు. కానీ అప్పటికే అంతర్యుద్ధం మొదలైపోయింది. మార్చి చివరి నుంచే కమ్యూనిస్టులు సాయుధ పోరాటంలో ఉన్నారు. 1949 జనవరి చివర్లో కరెన్‌లు తిరగబడ్డారు. రంగూన్ పక్కనే ఉన్న ఇన్సీన్ నాలుగు నెలల పాటు వాళ్ల చేతిలో ఉంది. మార్చిలో మాండలే కూడా కొన్నాళ్లు చేజారింది. ప్రధాని ఊ నూ ప్రభుత్వాన్ని జనం 'రంగూన్ సర్కార్' అని ఎగతాళి చేసేవారు. ఊరు దాటితే దాని మాట చెల్లదని అర్థం.

ఆ ప్రభుత్వం నిలబడటానికి ఉన్న కారణాల్లో నీరు ఒకటి. నౌకాదళం చాలావరకు ప్రభుత్వం వైపే ఉంది. రైలు పట్టాలు తెగిపోయాయి, రోడ్లు మూసుకుపోయాయి. కానీ నది మీదకు తుపాకీ ఎక్కించిన పడవను పంపగలిగారు. రవాణా పడవలు ఒంటరిగా వెళ్లడం ఆగిపోయింది. కొన్ని పడవలను గుంపుగా కట్టి, ముందూ వెనకా సాయుధ పడవలు పెట్టి కాన్వాయ్‌గా నడిపారు. స్టీమరు పక్కలకు ఇనుప రేకులు, ఇసుక బస్తాలు కట్టారు. డెక్కు మీద ప్రయాణికుల పక్కనే సైనికులు కూర్చునేవారు.

నది మధ్యలో ఉన్న ప్రోమ్ పట్నం 1950 మే దాకా తిరుగుబాటుదారుల చేతిలోనే ఉంది. అంటే రంగూన్ నుంచి మాండలేకు వెళ్లే పడవ మధ్యలో ప్రభుత్వం చెల్లని నీళ్లు దాటాలి. తిరుగుబాటు దళాలు కూడా పడవలను ఊరికే వదల్లేదు. ఒడ్డున ఆపి సుంకం వసూలు చేసేవి. ఒకే బస్తా మీద ఒక రేవులో సర్కారుకు, ఇంకో మలుపులో తిరుగుబాటుదారుకు కట్టాల్సి వచ్చేది. యుద్ధానికి ముందు బర్మా ఏడాదికి సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో అదే మొదటి స్థానం. అంతర్యుద్ధం తొలి ఏళ్లలో అది సగానికి కూడా చేరలేదు. పొలం ఉంది, పంట ఉంది, కానీ బస్తా రేవు దాకా రాలేదు.

బియ్యం రాకపోతే రేవులో పని లేదు. పని లేకపోతే తెలుగు కూలీ అక్కడ ఉండలేడు. 1942లో మొదలైన తిరుగు ప్రయాణం ఇలా సాగుతూనే ఉంది. 1962లో జనరల్ నే విన్ అధికారం పట్టాక, 1964 నుంచి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం అయ్యాయి. సుమారు మూడు లక్షల మంది భారతీయులు వెనక్కి వచ్చేశారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంప్ అనే పేరు ఆ తిరుగు ప్రయాణం గుర్తే. ఇంకా అక్కడే మిగిలిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. మోలమైన్, యాంగోన్ వైపు తరాలుగా స్థిరపడ్డాయి.

పట్టు అంటే ఏమిటి? ఏ పద్ధతుల్లో జరుగుతుంది?

సైన్యం పడవలను అదుపు చేయడం అంటే ప్రతిసారీ జప్తు చేయడమే కాదు. దేశం ఏదైనా మామూలుగా కనిపించే పద్ధతులు ఇవి.

మొదటిది స్వాధీనం. పడవను, సిబ్బందిని సైన్యం తీసుకుంటుంది. కిరాయి ఇస్తామంటారు. కొన్నిసార్లు కాగితం మాత్రమే చేతికొస్తుంది.

రెండోది పరవానా. పడవ కదలాలంటే అనుమతి, సరుకుకు అనుమతి, ప్రయాణికుడికి అనుమతి. ఒక్క సంతకం ఆగితే టమాటాలు రేవులోనే కుళ్లిపోతాయి.

మూడోది కాన్వాయ్. గుంపు తయారయ్యేదాకా ఆగాలి. వారం ప్రయాణం నెల అవుతుంది. ఆ నెల రోజుల వడ్డీ, సిబ్బంది తిండి, పాడైన సరుకు అన్నీ చివరికి సరుకు ధరలో కలుస్తాయి.

నాలుగోది ఇంధనం. డీజిల్ ఎవరికి ఎన్ని లీటర్లు అని కోటా పెడితే చాలు. పడవను ముట్టుకోకుండానే దాన్ని కట్టేసినట్టు.

ఐదోది పూర్తి మూసివేత. ఈ పాయలో పడవ కనిపిస్తే కాల్చేస్తాం అని హుకుం. అప్పుడు చేప పట్టడం కూడా నేరమే.

ఖాతా పుస్తకంలో రాసినట్టు చూస్తే లెక్క సులభం. పడవ యజమానికి బీమా దొరకదు. దొరికినా ప్రీమియం మోయలేడు. అతను కిరాయి పెంచుతాడు. వ్యాపారి ధర పెంచుతాడు. ఎగువ ఊరిలో ఉప్పు, నూనె, పారాసిటమాల్ ఖరీదు పెరుగుతుంది. దిగువ పట్నంలో ధాన్యం, కలప రాక తగ్గుతుంది. పైన కొనేవాడు, కింద అమ్మేవాడు ఇద్దరూ నష్టపోతారు. మధ్యలో చెక్‌పోస్టు మాత్రం లాభపడుతుంది. అంతర్యుద్ధాలు ఏళ్ల తరబడి ఆగకపోవడానికి ఈ చెక్‌పోస్టు ఆదాయం కూడా ఒక కారణం.

2021 తర్వాత: మళ్లీ అదే నది

2021 ఫిబ్రవరి 1న మియన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. నిరసనలను కాల్పులతో అణచాక యువకులు అడవి బాట పట్టి ప్రజా రక్షణ దళాలుగా ఏర్పడ్డారు. పాత జాతుల సాయుధ సంస్థలు కొన్ని వాళ్లతో కలిశాయి. రోడ్ల మీద మందుపాతరలు పెరిగేసరికి సైన్యం మళ్లీ నదినే నమ్ముకుంది. చింద్విన్ మీద కలేవా వైపు, ఇరావతి మీద భామో వైపు కాన్వాయ్‌లు వెళ్లడం, ఒడ్డు నుంచి వాటి మీద దాడులు జరగడం 2022 నుంచి వార్తల్లో ఉంది. కాన్వాయ్ వస్తోందంటే ఒడ్డున ఉన్న ఊళ్లు ఖాళీ అవుతాయి. ఎందుకంటే పడవ మీద దాడి జరిగితే జవాబుగా గుళ్లు పడేది ఆ ఊరి మీదే.

2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. అప్పటి నుంచి యువకులకు ప్రయాణంలో తనిఖీ అంటేనే భయం. 2024 డిసెంబర్‌లో కచిన్ సేన భామో మీద దాడి మొదలుపెట్టింది. నదీ ప్రయాణానికి ఎగువ కొస అయిన ఆ పట్నమే యుద్ధరంగం అయింది. 2025 మార్చి 28 భూకంపంలో మాండలే, సగాయింగ్ మధ్య 1934లో కట్టిన పాత ఆవా వంతెన కూలిపోయింది. 

పడమటి తీరంలో రఖైన్ రాష్ట్రం, అంటే పాత అరకాన్, పరిస్థితి ఇంకా ఘోరం. 2023 నవంబర్ 13న అరకాన్ ఆర్మీ మళ్లీ యుద్ధం మొదలుపెట్టగానే సైన్యం రోడ్లతో పాటు నీటి దారులను కూడా మూసేసింది. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య దారి అంటే కాలువలూ పాయలే. మందులు, ఎరువులు, ఇంధనం ఆగిపోయాయి. 2024 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ రఖైన్‌లో కరువు పొంచి ఉందని హెచ్చరించింది.

ఇందులో మన దేశం సొమ్ము కూడా ఉంది. కోల్‌కతా నుంచి సిట్వే రేవుకు ఓడలో, అక్కడి నుంచి కలదాన్ నది మీద పలెత్వాకు పడవలో, తర్వాత రోడ్డు మీద మిజోరాంకు సరుకు చేర్చాలన్నది భారత్ కట్టిన కలదాన్ ప్రాజెక్టు. నది భాగం 158 కిలోమీటర్లు. సిట్వే రేవు 2023 మేలో ప్రారంభమైంది. 2024 జనవరిలో పలెత్వా అరకాన్ ఆర్మీ చేతికి వెళ్లింది. రేవు సైన్యానిది, పైనున్న రేవు తిరుగుబాటుదారులది, మధ్యలో నది ఎవరిదీ కాదు.

రోహింగ్యాల సంగతి వేరే చెప్పాలి. వాళ్లకు ఊరు దాటాలన్నా అనుమతి కాగితం కావాలి. బంగ్లాదేశ్ సరిహద్దులో నాఫ్ నది దాటితేనే ప్రాణం దక్కుతుందని వేల మంది ఒడ్డుకు చేరారు. 2024 ఆగస్టు 5న అలా పడవ కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల మీద డ్రోన్ దాడి జరిగింది. పిల్లలతో సహా చాలామంది చనిపోయారు. బతికినవాళ్లు అరకాన్ ఆర్మీని తప్పుపట్టారు. ఆ సంస్థ తాము కాదంది. డిసెంబర్‌లో మౌంగ్‌డా తన చేతికి రాగానే అదే అరకాన్ ఆర్మీ నాఫ్ మీద రాకపోకలు ఆపేసింది. అంటే నదిని మూసే అలవాటు ప్రభుత్వ సైన్యం ఒక్కదానిదే కాదు. తుపాకీ ఎవరిదైనా పడవ మీద కన్ను ఒకటే.

చట్టం ఏమంటుంది?

అంతర్జాతీయ యుద్ధ నియమాల ప్రకారం ప్రయాణికుల పడవ, సరుకు పడవ పౌర ఆస్తి. దాని మీద దాడి చేయకూడదు. కానీ అందులో సైనికులను, ఆయుధాలను ఎక్కిస్తే అది సైనిక లక్ష్యంగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు కూడా దాడి చేసేవాళ్లు అందులోని సామాన్యుల ప్రాణ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సామాన్యులను అడ్డం పెట్టుకుని సైనికులు ప్రయాణించడం కూడా నిషేధమే. ఈ నియమాలు దేశంలోపలి యుద్ధాలకు కూడా వర్తిస్తాయి. పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ పద్ధతిగా వాడకూడదన్నది మరో నియమం. ఆహారం వెళ్లే నదిని మూసేయడం ఈ నియమం కిందికే వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ప్రయాణికుడికి ఎంచుకునే వీలు లేదు. వారానికి ఒకే పడవ ఉంటే, అందులో సైనికులు ఎక్కినా తను ఎక్కక తప్పదు.

మిగతా చోట్ల

ఇది బర్మా కథ మాత్రమే కాదు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేన మిసిసిపీ నది మీద స్టీమర్లను అద్దెకు తీసుకుని, కొన్నింటికి ఫిరంగులు బిగించి వాడింది. 1863 జులైలో విక్స్‌బర్గ్ పట్నం పడిపోవడంతో నది మొత్తం దాని చేతికి వచ్చింది. యుద్ధం ముగుస్తుండగా, 1865 ఏప్రిల్ 27న 'సుల్తానా' అనే స్టీమర్ బాయిలర్ పేలింది. 376 మందికి సరిపోయే పడవలో రెండు వేల మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది చెర నుంచి విడుదలై ఇంటికి వెళ్తున్న సైనికులు. తలకింత అని ప్రభుత్వం ఇచ్చే కిరాయి కోసం అంతమందిని కుక్కారు. వెయ్యికి పైగా చనిపోయారు. శత్రువు గుండు తగల్లేదు, లెక్కల్లో లాభం చూసుకున్నవాళ్ల ఆశే చంపింది.

మన పక్కనే మరో ఉదాహరణ ఉంది. అది అంతర్యుద్ధం కాదు గానీ పడవ పాఠం మాత్రం అదే. 2008 జూన్ 29న ఒడిశా మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో మన గ్రేహౌండ్స్ పోలీసులు వెళ్తున్న లాంచీ మీద మావోయిస్టులు కొండ మీది నుంచి కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు. జలాశయం అవతల ఉన్న గ్రామాలకు అప్పట్లో లాంచీ తప్ప దారి లేదు. పోలీసుకూ అదే దారి, ఆసుపత్రికి వెళ్లే గిరిజనుడికీ అదే దారి. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచాక గానీ అక్కడి జనం పడవ మీద ఆధారపడటం తగ్గలేదు.

ఇప్పుడు మన ఇళ్లకు దీంతో పనేమిటి?

రంగం ప్రయాణం ఆగిపోలేదు, దారి మారింది. అప్పుడు భీమిలిలో స్టీమర్ ఎక్కేవారు. ఇప్పుడు విమానంలో బ్యాంకాక్ దిగుతున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం అని ఏజెంట్ చెప్తాడు. బ్యాంకాక్ నుంచి కారులో మే సోట్ అనే సరిహద్దు ఊరికి తీసుకెళ్తారు. అక్కడ మోయి అనే చిన్న నది ఉంది. రాత్రిపూట పడవలో దాటిస్తే అవతల మియన్మార్‌లోని మ్యావడీ. అక్కడ గట్టు ప్రభుత్వం మామూలు పోలీసుల చేతిలో ఉండదు. సైన్యంతో పొత్తున్న సాయుధ దళాల చేతిలో ఉంటుంది. వాళ్ల నీడలో నడిచే సైబర్ మోసాల కేంద్రాల్లో మన యువకులతో బలవంతంగా పని చేయిస్తున్నారు. దాటించిన పడవ తిరిగి తీసుకురాదు.

2025 మార్చిలో భారత వాయుసేన విమానాల్లో అక్కడి నుంచి 549 మందిని వెనక్కి తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగు రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఆ వైపు ఉద్యోగానికి బయలుదేరుతుంటే కొన్ని విషయాలు చూసుకోవాలి. ఏజెంట్‌కు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా లేదా అని ముందే వెతకాలి. టూరిస్టుగా వెళ్లి పని చేయడం ఏ దేశంలోనూ కుదరదు. వీసా లేకుండా థాయ్‌లాండ్‌లోకి రానిచ్చినా అది పని చేసుకునే అనుమతి కాదు. ఉద్యోగం థాయ్‌లాండ్‌లో అని చెప్పి సరిహద్దు ఊరికి తీసుకెళ్తున్నారంటే అక్కడే ఆగిపోవాలి. నది దాటాక మియన్మార్ వీసా లేదు కాబట్టి ఆ దేశ చట్టం ముందు కూడా మనవాడే నేరస్థుడవుతాడు. చిక్కుకుపోతే బ్యాంకాక్, యాంగోన్‌లలోని భారత రాయబార కార్యాలయాలకు, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడ కుటుంబం స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఏజెంట్ మీద కేసు పెట్టాలి. సిగ్గుపడి దాచుకుంటే ఆ ఏజెంటే రేపు పక్క ఇంటి తలుపు తడతాడు.

నూరేళ్ల కిందట మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని ఓడెక్కినవాడికి అవతల ఏ సైన్యం ఉందో, ఏ కంపెనీ ఉందో తెలుసుకునే దారి లేదు. ఇప్పుడు ఆ దారి ఉంది. పడవ ఎక్కే ముందు అది ఎవరిదో అడగాలి.